తీర్థం పట్టలేని చేతులు

సంపాదకులకు నమస్కారం.

పలాస దగ్గర మా ఊరి రామమందిరంలో శనివారం భజన అయ్యాక తీర్థం ఇచ్చే పని నాది. కిందటి కార్తీకమాసంలో ఒకామె చెయ్యి పట్టకుండా "గ్లాసులో పొయ్యండమ్మా" అంది. పచ్చకర్పూరం కలిపిన నీళ్లు పగిలిన అరచేతిలో పడితే భగ్గుమంటాయట. చూస్తే వేళ్లన్నీ నల్లబడి, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. ఆమె జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు సొంత తోట నేలకూలాక ఈ పనికి వచ్చింది.

పిక్క పెంకులో ఉండే జీడినూనె ఒంటి మీద పడితే కాలుస్తుందని మా ప్రాంతంలో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఇన్నేళ్లుగా ఆ చేతుల్లోనే తీర్థం పోస్తూ, ఒక్కసారి కూడా వాటివైపు చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి శనివారం ఈ సంగతి భజనలో ఎత్తాను. యజమాని మన అన్నదానానికి బియ్యం ఇస్తాడు కదా, మనకెందుకీ గొడవ అన్నారు కొందరు. అప్పుడు మాలో పెద్దావిడ రామానుజుల మాట తెచ్చింది. శ్రీకూర్మానికి ఆయన వచ్చారని మావాళ్లంతా చెప్పుకుంటారు. గురువు మాట దాటితే నరకం తప్పదని తెలిసీ, అందరూ తరిస్తారని గోపురం ఎక్కి మంత్రం చెప్పిన మనిషి ఆయన. "మనం గోపురం ఎక్కక్కర్లేదు, గేటు దాకా నడిస్తే చాలు" అంది. ఏడుగురం వెళ్లాం. చర్చికి వెళ్లే మా పక్కింటి వదిన కూడా కలిసింది. ఆ పూట దేవుడి పేరు వేరన్న మాటే ఎవరికీ గుర్తు రాలేదు.

యజమాని మర్యాదగానే కూర్చోబెట్టాడు. వారంలో గ్లౌజులు వచ్చాయి. కానీ నెల తిరిగేసరికి అందరూ తీసి పక్కన పెట్టేశారు. అసలు చిక్కు మాకప్పుడు అర్థమైంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు. గ్లౌజు వేసుకుంటే చెయ్యి మెల్లగా ఆడుతుంది, కిలోలు తగ్గుతాయి, కూలి పడిపోతుంది. ఇంట్లో పిల్లల ఫీజులు కట్టాల్సిన మనిషి గ్లౌజు తీసి ఆముదం రాసుకుంటుంది. అది ఆమె నిర్లక్ష్యం కాదు. గ్లౌజు వేసుకుని ఎంత పని అవుతుందో చూసి, దాని మీద కిలో రేటు కట్టాలి. అలా కట్టనంతకాలం గ్లౌజులు గోడకి వేలాడుతూనే ఉంటాయి.

ఈ మాట అడిగినందుకు ఒకామెను పది రోజులు పనికి రావద్దన్నారు. మేం మళ్లీ వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాం. గొడవ చెయ్యలేదు, భజన చేశాం. మూడో రోజు ఆమెను లోపలికి పిలిచారు. రేటు మాత్రం మారలేదు.

కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. పది మంది లేదా అంతకు మించి పనిచేసేచోట, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, వర్తిస్తుంది. మా మందిరానికి వచ్చే జీడి కార్మికుల్లో ఒక్కరి దగ్గరా ఆ కార్డు నేను చూడలేదు. చెయ్యి కాలితే మందుల షాపులో ట్యూబు కొనుక్కోవడమే.

మీ పత్రిక ద్వారా కార్మిక శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. తనిఖీకి వచ్చినప్పుడు ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసి వెళ్లిపోకండి. ఆ ఆడవాళ్లతో యజమాని లేనిచోట మాట్లాడండి. చోటు కావాలంటే మా రామమందిరం అరుగు ఉంది. శనివారం సాయంత్రం రండి, అందరూ అక్కడే ఉంటారు.

— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా