స్టాంపు కాగితంతో విడాకులు రావు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. పేపర్లలో విడాకులంటే సినిమావాళ్ల వార్తలే, ఎవరు ఎన్ని కోట్లు భరణం అడిగారని. టెక్కలి నుంచో సోంపేట నుంచో బస్సెక్కి మా దగ్గరకొచ్చే వాళ్లు అడిగేవి ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికంటే ఎక్కువ ముంచుతున్నది స్టాంపు కాగితం. ఊళ్లో పెద్దలు కూర్చుని తగువు తీర్చి, ‘ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అని రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించేస్తారు, దానిమీద నోటరీ ముద్ర కూడా పడితే ఇంక అయిపోయిందనుకుని పిల్లకి వేరే సంబంధం చూసేస్తారు. అయిపోలేదండీ. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం కోర్టు డిక్రీ, అంటే తీర్పు కాగితం, ఇస్తేనే విడాకులు. కులాచారం ప్రకారం తెగదెంపులు చెల్లుతాయని అదే చట్టంలో 29వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే, కానీ అలాంటి ఆచారం తరాలుగా ఉందని కోర్టులో రుజువు చెయ్యాల్సిన బరువు మనదే, పెద్దలు చెప్పారంటే సరిపోదు. (సీతంపేట వైపు సవర, జాతాపు వాళ్ల సంగతి వేరు. షెడ్యూల్డ్ తెగలకి మామూలుగా ఈ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారమే వాళ్లకి.) మిగతావాళ్లు ఆ కాగితాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు సరికదా, ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. పుట్టిన పిల్లల్ని మాత్రం చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది. చాలామందికి ఈ సంగతి ఫ్యామిలీ పెన్షన్‌ కోసం తిరిగేటప్పుడే తెలుస్తుంది, అప్పుడు ఆ పెద్దలెవరూ వెంట రారు.

ఇద్దరికీ ఇష్టమే అయితే పరస్పర అంగీకారంతో విడాకుల పిటిషన్ వెయ్యొచ్చు. ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. కలిసే ఆశ లేదని, భరణం, పిల్లల విషయం తేలిపోయాయని నమ్మకం కుదిరితే జడ్జి గారు ఆ ఆరు నెలల్ని తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తగ్గించొచ్చు అన్నాను, తగ్గిస్తారని కాదు. ఈలోగా ఒకరు మనసు మార్చుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

మన జిల్లాలో వలసలెక్కువ కదా, మొగుడు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, ఆడపిల్ల పుట్టింట్లో ఉంటుంది. కేసుకి అక్కడికి పోవాలేమోనని టెన్షన్ పడి ఏళ్లకేళ్లు ఊరుకుంటారు. అక్కర్లేదు, 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న చోటే విడాకుల పిటిషన్ వేసుకోవచ్చు. మనోవర్తి కేసూ, అంటే పోషణకి డబ్బు ఇప్పించమనే కేసూ అంతే. దానికి వాడే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 144 అయింది, నంబరు మారిందే తప్ప హక్కు పోలేదు. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ‘చూద్దాంలే’ అని ఆగినన్ని నెలలూ నష్టమే. ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపించాలి కూడా. విడాకుల కేసు నడుస్తుండగా అడిగే మధ్యంతర భరణాన్ని నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎంత పడుతుందో కోర్టు వరండాలో కూర్చున్నవాళ్లకి తెలుసు.

పెట్టిన బంగారం సంగతీ అడుగుతారు. పుట్టింటివాళ్లు పిల్లకి ఇచ్చింది పిల్లదే, అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన వాళ్లది అయిపోదు. బిల్లులు, పెళ్లి ఫొటోలు దాచుకోండి.

ఇక ఫీజు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరుని ఇస్తుంది, 1987 నాటి న్యాయసేవల చట్టం అది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చెయ్యాలి, లేదా 15100కి ఫోన్ చెయ్యాలి. గుమాస్తాగా ఇది చెబితే మా ప్లీడరు గారికి కోపమొస్తుందేమో, అయినా చెబుతున్నా.

వారానికి ఒక ప్రశ్న, దానికి నాలుగు ముక్కల్లో జవాబు, జిల్లా పేజీలో వెయ్యండి. సెక్షన్ల భాష వద్దు. ఈ ఉత్తరం పొడుగైందనిపిస్తే ఎక్కడైనా కత్తిరించండి, 15100 మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక ప్లీడరు గుమాస్తా,
శ్రీకాకుళం