గార్నెట్‌కు ఆ పేరు ఏ దొర వల్లా రాలేదు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో రత్నాల మీద వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వెయ్యలేదు. గార్నెట్ అనే దొర కనిపెట్టాడు కాబట్టి ఆ రాయికి ఆ పేరు వచ్చిందని అచ్చువేశారు. శుద్ధ తప్పు. లాటిన్‌లో దానిమ్మపండును గ్రనాటుం అంటారు. రాయి ఎర్రగా దానిమ్మ గింజలా ఉంటుంది కనుక 13వ శతాబ్దంలోనే ఆల్బర్టస్ మాగ్నస్ అనే జర్మన్ పండితుడు దాన్ని గ్రనాటస్ అన్నాడు. మనం ఉంగరంలో పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ జాతిదే. ఆ సంగతి ఒక్క ముక్క లేదు గానీ, ఏ రాశికి ఏ రాయో చెప్పడానికి అర పేజీ దొరికింది.

మా గంజాం జిల్లా వాళ్లకి ఇదేమీ కనీవినీ ఎరగని రాయి కాదు. గోపాలపూర్ ఒడ్డున అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద ఎర్రటి చార మిగులుతుందే, అది గార్నెట్టే. చిటికెడు అరచేతిలో వేసుకుని ఎండకు పట్టండి, గింజగింజా మెరుస్తుంది. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్లు ఇసుకలోంచి తీసే ఖనిజాల్లో ఇదొకటి. తూర్పు కనుమల్లో గార్నెట్ ఉండే ఖొండలైట్ అనే రాయి అరిగి, ఏళ్ల తరబడి వాగులూ నదులూ మోసుకొచ్చిన సరుకది. కోణార్క గుడిని ఎక్కువగా కట్టింది ఆ రాతితోనే. కలహండి కొండల్లో సర్వే చేసిన భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ 1902లో దానికి ఖొండలైట్ అని పేరు పెట్టింది మన కొండల్లోని ఖోండుల మీద, అంటే మనం కోదులనే వాళ్ల మీద. లేని దొర పేరు మీ పేజీకెక్కింది, ఉన్న కోదుల పేరు ఎక్కలేదు. నా బాధ అది.

ఇక్కడి తెలుగు బడుల గోడు ఎవరికి పట్టింది? పుస్తకాలు వేళకు రావు. మాష్టారు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. భువనేశ్వర్‌లో మొరపెట్టుకుంటే ఆంధ్రా వాళ్లనడగమంటారు, అటు వెళ్తే మీరు ఒడిశా వాళ్లు కదా అంటారు. అర్జీలు రాసి రాసి విసిగిపోయాం. పిల్లలకు తెలుగులో రోజూ కంటబడేది పత్రికొక్కటే. మా మనవరాలు మీ వ్యాసం కత్తిరించి స్కూలు ప్రాజెక్టు చార్టు మీద అంటించేసింది కూడా. అచ్చులో ఉంది కదా తాతయ్యా అంటే ఏం చెప్పను?

సవరణ లోపలి పేజీ మూలన రెండు లైన్లు కాకుండా, అదే అనుబంధంలో, అందరికీ కనబడేలా వెయ్యండి. ఖొండలైట్ సంగతీ అందులో రాయండి.

— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా