చెంచు పెంటల్లో గ్రామసభ పెట్టాకే తరలింపు మాట

సంపాదకుల వారికి నమస్కారం.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోని చెంచు పెంటల (గూడేల) తరలింపు మళ్లీ మళ్లీ వార్తల్లోకి వస్తోంది. కుటుంబానికి 15 లక్షలు ఇస్తామంటే ఇంకేం కావాలని మా అచ్చంపేటలో చదువుకున్నవాళ్లే అంటుంటే బాధేస్తోంది. బడి, దవాఖాన దగ్గరుండాలని ఇష్టపడి వచ్చేవాళ్లను ఎవరూ ఆపరు. ఆ ఇష్టాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా అడిగారన్నదే ప్రశ్న.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. తరలించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలని వన్యప్రాణి సంరక్షణ చట్టమూ చెబుతోంది. సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. తేనె, జిగురు కోసం జనం అడవిలో ఉన్న రోజుల్లో సభ పెడితే ఆ కోరం ఎలా కుదురుతుంది?

ఆ తేనె తీయడం చూసినవాళ్లకు చెంచులు అడవిని పాడుచేస్తారన్న మాట నోట రాదు. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ దిగుతారు. పైన తాడు పట్టుకునేది బావమరిది. చెల్లెలి పసుపుకుంకుమలు అతని చేతిలో ఉన్నట్టే లెక్క. తుట్టె మొత్తం కోసుకోరు, ఈగలకు కొంత వదిలేస్తారు.

ఇదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పులులకు చెంచుల గుడిసెలు అడ్డమైతే డ్రిల్లింగ్ యంత్రాలు అడ్డం కావా? జనం తిరగబడ్డాకే ఆ సెప్టెంబరులో మన శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అదే ఏడాది ఈక్వెడార్‌లో, అమెజాన్ అడవిలోని వావొరానీ తెగ కోర్టులో గెలిచింది. చమురు బ్లాకుల కోసం 2012లో మొక్కుబడిగా జరిపిన సంప్రదింపులు చెల్లవని తీర్పొచ్చి, దాదాపు 2 లక్షల హెక్టార్ల అడవి వేలం నుంచి బయటపడింది. అంత దూరం ఎందుకు, కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ (బీఆర్‌టీ) కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లోనే పులుల అడవిలో సామూహిక హక్కులు దక్కాయి. మన చెంచులకు ఎందుకివ్వరు?

కలెక్టరు గారు ప్రతి పెంటలో, అందరూ ఇళ్ల దగ్గరుండే రోజు చూసి గ్రామసభ పెట్టించాలి. ప్యాకేజీ షరతులు, ఇచ్చే భూమి సర్వే నంబర్లతో సహా చదివి వినిపించాలి. వెళ్లబోమన్నవారికి రేషన్, నర్సమ్మ రాకపోకలు, కరెంటు ఆగకూడదు.

– ఒక పాఠకుడు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా