కరిగించే ముందు గుమ్మంలోకి చూడండి

సంపాదకులకు నమస్కారం.

వెండి ధర పెరిగిందని మీ పత్రికలో చదివిన మర్నాడే మా వదినగారి కోడలు నిజాం కాలం నాటి ముప్ఫై ఒక్క చార్మినార్ వెండి రూపాయలు మూటగట్టుకుని వెండి కొట్టుకు బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

కొట్టాయన వాటిని కాటాలో పోసి, “ఇవి హాలీ సిక్కాలు, కల్దార్లు కావు. కల్తీ ఎక్కువ” అంటూ తరుగు తీశాడు. అబద్ధమేం చెప్పలేదు. 1940కి ముందటి ఇంగ్లీషువాళ్ల కల్దారులో నూటికి 91.7 పాళ్లు వెండి, బరువు పాత తులం, అంటే 11.66 గ్రాములు. మా నాయనమ్మ కషాయానికి శొంఠి ‘రూపాయెత్తు’ తూచింది దాంతోనే. ఈ నిజాం రూపాయి 11.18 గ్రాములే, వెండి 81.8 పాళ్లే.

అది వెండి లెక్క. నాణేనికి ఇంకో లెక్క ఉంది. చార్మినార్ బొమ్మ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. హిజ్రీ 1330 (అంటే 1911-12) నాటి కొన్ని రూపాయల మీద ఆ ఐన్ సగమే ఉంటుంది. పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ ఎన్నో ఊళ్లలో అడిగినా నాకు దొరకని ఆ సగం ఐన్, మూటలో రెండింటి మీద కనబడింది! “మామయ్యా, తూకం లెక్కకు మీరే తీసుకోండి” అంది ఆ పిల్ల. మిగతా ఇరవై తొమ్మిదీ మూసలోకి పోయాయి.

నేనేమీ ఉత్తముణ్ణి కాదు. పదో తరగతిలో నా మొదటి సిక్కాను చింతపండు, బూడిద పెట్టి తోమాను. మినార్ల సన్నగీతలు అరిగిపోయాయి. ఆ నలుపు మురికి కాదని చెప్పినవాళ్లు అప్పట్లో లేరు. మీ ఇంట్లో ఉంటే తోమకండి. మెడలో దండగా గుచ్చడానికి కొండీ అతికించిన బిళ్ళలను సేకరించేవాళ్లు అంతగా అడగరు. నాకు మాత్రం అవీ ఇష్టమే, మెడకు ఒరుసుకుని ఒకవైపే నున్నబడి ఉంటాయి.

వెండి కొట్లవాళ్లకు ఒక మనవి. సిక్కాలు వస్తే ఒక్కపూట పక్కన పెట్టి, భూతద్దంతో గుమ్మం చూడండి. మా వాళ్లవైతే ఒక జత పట్టీలు, ఒక పళ్లెం అయ్యాయి. పళ్లెం బాగానే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, జనగామ