ఆ దృశ్యాలు ఎవరు తీసినవి?

సంపాదకులకు,

హోలోకాస్ట్ (నాజీల యూదు హత్యాకాండ) మృతులను స్మరించుకునే జనవరి 27 వచ్చిందంటే మన పత్రికలు ఆష్విట్జ్ మృత్యుశిబిరం గురించి రాస్తాయి. అంతకు ముందే నాజీలు జర్మనీలోని ఆస్పత్రుల నుంచి మానసిక రోగులను, వికలాంగులను బస్సుల్లో తరలించి 'కారుణ్య మరణం' పేరుతో చంపిన ఉదంతం మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ మృతులపై తీసిన డాక్యుమెంటరీలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడగలిగేంత అందుబాటులోకి వచ్చాయి కనుక, చూసేవారూ వాటిపై సమీక్షలు రాసేవారూ ఒక విషయం గమనించాలని కోరుతున్నాను.

జరిగింది క్లుప్తంగా ఇది. 1939 అక్టోబరులో హిట్లర్ ఒక చిన్న ఉత్తరంపై సంతకం చేసి, దానికి యుద్ధం మొదలైన సెప్టెంబర్ 1వ తేదీ వేయించాడు. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు భవనం కేంద్రంగా నడిచినందున ఈ కార్యక్రమానికి తర్వాత 'టి4' అనే పేరు స్థిరపడింది. ఆస్పత్రులు ఒక్కో రోగి గురించి నింపి పంపిన ఫారం ముగ్గురు వైద్యుల దగ్గరికి వెళ్లేది. వారు రోగి ముఖమైనా చూడకుండా, ముఖ్యంగా పనికి వస్తాడా రాడా అన్నదాన్ని బట్టి, చంపవలసిన వారికి ఎర్ర పెన్సిలుతో ప్లస్, బతకనివ్వదగిన వారికి నీలి పెన్సిలుతో మైనస్ గుర్తు పెట్టేవారు. 1941 ఆగస్టు నాటికి ఆరు కేంద్రాల్లో 70 వేల మందికి పైగా విషవాయువుకు బలయ్యారు. మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ ప్రార్థనా మందిరంలోనే ఈ హత్యలను ఖండించిన తర్వాత ఆ కేంద్రాల్లో గ్యాస్ ఆగింది గాని చావులు ఆగలేదు; మోతాదు మించిన మందులతో, ఆకలితో 1945 దాకా చంపుతూనే వచ్చారు.

ఇక నా అభ్యంతరం. ఈ రోగులను చూపే పాత ఫిల్ములు మనకు మిగిలినవి చాలావరకు నాజీలు తీయించినవే. 1937లో అలాంటి ప్రచార చిత్రం ఒకదాన్ని జర్మనీ అంతటా సినిమాహాళ్లలో ప్రదర్శించారు. రోగులను వికారంగా కనిపించేలా చిత్రీకరించి, వారి పోషణకయ్యే ఖర్చును వ్యాఖ్యానంలో వినిపించి, వీళ్లు బతకడం దేనికని ప్రేక్షకుడే అనుకునేలా చేయడం ఈ చిత్రాల పని. నేటి డాక్యుమెంటరీలు కొన్ని ఆ ముక్కలనే కత్తిరించి, ఎవరు తీశారో చెప్పకుండా, విషాద సంగీతం జోడించి మన ముందు పెడుతున్నాయి. సంగీతం మారినంత మాత్రాన చూపు మారదు. ఆ దృశ్యాలు వాడక తప్పదనుకుంటే ఎవరు, ఎందుకు తీశారో తెర మీదే రాయాలి. లేదంటే వదిలేయడమే మేలు.

వాడుకోవడానికి వేరే ఆధారాలు లేవా అంటే బోలెడున్నాయి. ఆ ఆరు కేంద్రాల్లో ఒకటైన హదమార్‌లో రోగులను దించిన చెక్క బస్సుషెడ్డు నేటికీ నిలిచి ఉంది. ఆ బస్సు కనబడగానే బడిపిల్లలు 'చంపే పెట్టె మళ్లీ వచ్చింది' అనుకునేవారని లింబుర్గ్ బిషప్ 1941 ఆగస్టులో న్యాయశాఖ మంత్రికి రాసిన లేఖ ఉంది. ఎప్పుడో అపెండిక్స్ తీయించుకున్న మనిషి అపెండిసైటిస్‌తో పోయాడంటూ కుటుంబాలకు అందిన అబద్ధపు ఉత్తరాలున్నాయి.

వీటన్నింటికన్నా నాకు విలువైనదిగా తోచేది చిత్రకారిణి ఎల్‌ఫ్రీడె లోజె-వెక్ట్లర్ గీసిన బొమ్మలు. 1929లో హాంబుర్గ్‌లోని ఫ్రీడ్రిక్స్‌బెర్గ్ ఆస్పత్రిలో తానూ రోగిగా ఉంటూ, తోటి రోగుల ముఖాలను ఆమె కాగితం మీదికి ఎక్కించింది. ప్రచార చిత్రాలు అసహ్యించుకున్న అలాంటి మనుషులే ఆమె బొమ్మల్లో అలసటతో, ఆలోచనతో, ఒక్కోసారి చిరాకుగా కనిపిస్తారు. 1935లో ఆమెకు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేశారు. 1940 జూలై 31న ఆ ఆరింటిలో మరో కేంద్రమైన పిర్నా-జోనెన్‌స్టైన్‌లో చంపేశారు. డాక్యుమెంటరీ తీసేవారు ఎవరి కంటితో చూడాలన్న ప్రశ్నకు ఆమె కాగితాలు సమాధానం చెబుతాయి.

మృతుల పేర్ల సంగతీ ఇలాంటిదే. వంశపారంపర్య రోగమన్న ముద్రకు భయపడి కుటుంబాలు నోరు విప్పలేదు. గోప్యత పేరుతో పుస్తకాల్లో, స్మారకాల్లో దశాబ్దాలపాటు ఇంటిపేరు మొదటి అక్షరమే వేస్తూ వచ్చారు. (గోప్యత చంపినవారికే ఎక్కువ ఉపకరించిందేమో!) జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ 2018లో సుమారు 30 వేల పేర్లను బహిరంగపరిచింది. కాబట్టి తెర మీద పూర్తి పేరు వేయడానికి ఇప్పుడు సాకు లేదు.

ఇలాంటి చిత్రాలను తెలుగులోకి తెచ్చే చానెళ్లకు, ప్రదర్శించే ఫిల్మ్ సొసైటీలకు చివరగా ఒక మనవి. 1933 నాటి నాజీ చట్టం వంశపారంపర్యంగా వినికిడి లేనివారికి, చూపు లేనివారికి కూడా బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు విధించింది. వారిపై తీసిన చిత్రం మన దగ్గర అలాంటివారే చూడలేని, వినలేని రీతిలో రావడం తగదు. తెలుగు వ్యాఖ్యానంతో పాటు సైగల భాష, దృశ్యాలను వివరించే ఆడియో కూడా జోడించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ