రాయి పాతాక చెప్పడం సంప్రదించడమా?

సంపాదకులు గారికి,

కరెంటు లైను పనులకు రైతులు అడ్డుపడుతున్నారని, అందుకే పని ఆలస్యమవుతోందని అధికారులు చెప్పిన మాట మీ జిల్లా పేజీలో వచ్చి పది రోజులు దాటింది. మిరప కోతల్లో పడి వెంటనే రాయలేకపోయాను. ఆ వార్తలో ఒక్క రైతు మాట కూడా లేదు కాబట్టి ఇప్పుడైనా రాయక తప్పడం లేదు.

లైను వద్దని మా ఊళ్లో ఎవరూ అనలేదు. సీమలో తయారయ్యే సోలారు కరెంటు, గాలిమరల కరెంటు వాడుకునే చోటికి చేరాలంటే పెద్ద లైన్లు కావాలని మాకూ తెలుసు. మేం అడిగేది ఒక్కటే. అనుమతి ఇచ్చేముందు, ఆ లైను ఎవరి చేలోంచి పోతుందో ఆ మనిషికి చెప్పారా?

పేపర్లో ప్రకటన ఇచ్చాం, రెండు నెలల గడువు పెట్టాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు అంటున్నారు. ఆ ప్రకటన సంపాదించి చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఊళ్ల పేర్లు వరసగా గుప్పించారు. సర్వే నంబర్లు లేవు, మ్యాపు లేదు. మా ఊరిని పక్క మండలం కింద వేశారు. అది చదివి ఒక కౌలు రైతు తన చేలో టవరు పడుతుందని ఎలా పోల్చుకుంటాడు?

మాకు తెలిసింది మిరప సాళ్ల మధ్య ఎర్రరంగు పూసి నంబరు వేసిన రాయి కనిపించినప్పుడు. ఆ రాయి పాతడానికి అడ్డొచ్చిన మొక్కల్ని కాయతో సహా పీకి గట్టు మీద పడేశారు. అడిగితే అనుమతులన్నీ వచ్చేశాయి, ఏమన్నా ఉంటే కలెక్టరాఫీసులో చెప్పుకోండి అన్నారు. అక్కడికెళితే ఆర్డీవో ఆఫీసుకు, అక్కణ్ణుంచి తహసీల్దారు ఆఫీసుకు తిప్పారు. తహసీల్దారు ఆఫీసులో లైను కాగితాలే లేవు! చేలు ఖాళీగా ఉండే ఎండాకాలం దాకా ఆగితే పోయేదేముందని అడిగినా జవాబు చెప్పే నాథుడు లేడు.

మా పల్నాడులో పెద్ద సిమెంటు ఫ్యాక్టరీయో సున్నపురాయి గనో పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. షామియానా వేస్తారు, మైకు ఇస్తారు, చెప్పింది రాసుకుంటారు. ఆ సభ జరపాలని చెప్పే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో విద్యుత్ లైన్లు అసలు లేనేలేవు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద లైను వేసేవారికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు, అంటే ఎవరి భూమిలోనైనా స్తంభాలు పాతి తీగలు లాగే అధికారాలు దఖలు పరుస్తారు. తెల్లదొరలు టెలిగ్రాఫు తీగల కోసం రాసుకున్న చట్టం అది. 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చినప్పుడు కూడా కరెంటు లైన్ల కోసం ఆ పాత అధికారాలను అట్టే పెట్టారు. రైతు అడ్డుపడితే పని సాగనివ్వాలని కలెక్టరు ఉత్తర్వు ఇవ్వవచ్చు. భూయజమాని సమ్మతి అక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2016లో చెప్పింది. సరే, సమ్మతి అక్కర్లేదు. ముందుగా ఒక మాట చెప్పడం కూడా అక్కర్లేదని ఏ కోర్టు చెప్పింది?

400 కేవీ (కిలోవోల్టుల) లైనంటే చేలోంచి 46 మీటర్ల వెడల్పున తీగల దారి పోతుంది. పట్టా మా పేరనే ఉంటుంది, కానీ దాని కింద ఇల్లు కట్టకూడదు, సుబాబుల్, జామాయిల్ వెయ్యకూడదు. అమ్మబోతే కొనేవాడు తీగలు చూసి ధర తెగ్గోస్తాడు. టవరు పడిన జాగాకు భూమి విలువకు రెట్టింపు, తీగల కింది జాగాకు 30 శాతం ఇవ్వాలని కేంద్రం 2024 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. ఆ విలువ రిజిస్ట్రేషన్ రేటా, ఊళ్లో నడిచే రేటా? మాకు చెప్పినవాళ్లు లేరు. పైరు కౌలుదారుది, పాసుపుస్తకం భూయజమానిది. పంట నష్టం ఎవరి చేతికిస్తారో కూడా తేల్చలేదు.

అసలు ఊరికి ఏదైనా చెప్పి చేసే అలవాటే పోయింది. ఇదివరకు చెరువులో చేపల పాటకు కూడా దండోరా వేసేవారు. ఇప్పుడు గ్రామసభ అంటే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకున్న రిజిస్టరు. రోడ్డు వెడల్పు చేసినా, భూముల రీసర్వే చేసినా ఇదే తంతు. అన్నీ అయిపోయాక పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి, అభివృద్ధికి అడ్డుపడకండని మాకు బుద్ధులు చెబుతారు.

జిల్లా అధికారులు ముందు టవర్ల పునాది గుంతల పని ఆపించాలి. లైను పోయే ప్రతి ఊళ్లో సర్వే నంబర్లతో మ్యాపును సచివాలయం గోడకు అంటించి, దండోరా వేయించి గ్రామసభ పెట్టాలి. లైను వేసే సంస్థ ఇంజినీరు, తహసీల్దారు ఇద్దరూ ఆ సభకు రావాలి. రెండు నెలల గడువు ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి. ఈసారి వార్త రాసేముందు మీ విలేకరి కూడా ఒకసారి మా చేలకు రావాలని కోరుతున్నాను.

– ఒక మిరప రైతు, పల్నాడు జిల్లా