పెరగబోయే 50 సీట్లు ఓడిన ఓట్లకు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారములు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పునర్విభజన చట్టం ప్రకారం మన శాసనసభ సీట్లు 175 నుంచి 225కు పెరగవలసి ఉంది. ఆ రోజు దగ్గరపడుతున్నదన్న మాట వినిపించినప్పటి నుంచి మా రాజోలు ప్రాంతంలో నలుగురు కూడిన చోటల్లా ఏ మండలం ఎటు పోతుంది, ఏ సీటు రిజర్వు అవుతుంది, ఏది జనరల్‌కు మారుతుంది అన్నదే చర్చ. కొత్త సీటు వస్తే నిలబడదామని ఇప్పటి నుంచే తెల్ల చొక్కాలు కుట్టించుకుంటున్న వారు కూడా ఉన్నారు. అయితే ఆ 50 సీట్లనూ కొత్త నియోజకవర్గాలుగానే కోయాలా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించడం లేదు. వాటిని కోయకుండా అట్టిపెట్టి, ఒక్కో పార్టీకి రాష్ట్రమంతటా పడిన ఓట్లకూ దక్కిన సీట్లకూ మధ్య ఉన్న తేడాను పూడ్చడానికి వాడుకోవాలని నా అభిప్రాయం.

గత రెండు ఎన్నికల లెక్క చూడండి. 2019లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు పడితే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్ఆర్ కాంగ్రెస్ పార్టీకి 39.37 శాతం ఓట్లు పడితే 11 సీట్లు వచ్చాయి. పార్టీలు తారుమారయ్యాయి గానీ ఓట్ల శాతం ఇంచుమించు కదలలేదు. అటు గెలిచిన వారికి 2019లో సుమారు 50 శాతం ఓట్లతో 151 సీట్లు, 2024లో కూటమిగా సుమారు 55 శాతం ఓట్లతో 164 సీట్లు వచ్చాయి. చెరొకసారి ఇద్దరికీ దెబ్బ తగిలింది కనుక దీన్ని ఏదో ఒక పార్టీ తరఫు వకాల్తాగా ఎవరూ భావించరని ఆశిస్తున్నాను. 2019లో జనసేనకు ఐదున్నర శాతం ఓట్లకు దక్కిన ఒకే ఒక్క సీటు మా రాజోలే. అంతకు ముందు 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యం పార్టీకి సుమారు 16 శాతం ఓట్లు వస్తే 294 స్థానాల్లో దక్కినవి 18. ఆ పార్టీ అధ్యక్షుడు గోదావరి అవతల పాలకొల్లులో ఓడిపోయిన సంగతి మా వైపు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు గానీ, ఓట్ల దామాషాలో ఆ పార్టీకి 47 సీట్లు రావలసిందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో చాలాసార్లు కౌంటింగ్ డ్యూటీ చేశాను. ఒక హాలులో 14 టేబుళ్లు, ఇనుప జాలీ అవతల ఏజెంట్లు, వారి ఒళ్లో అట్టముక్క, దాని మీద గీతలు గీసిన తెల్ల కాగితం, చేతిలో పెన్సిలు. మొదటి రౌండ్లలో యంత్రం మీద అంకె కనబడగానే జాలీకి ముక్కు ఆనించి మరీ చూసి రాసుకుంటారు. ఒకసారి పక్క నియోజకవర్గం లెక్కింపులో తొమ్మిదో రౌండుకు తేడా ఇక పూడ్చలేనంతగా పెరిగిపోయింది. నా టేబులు ఎదుట కూర్చున్న ఏజెంటు, యాభై దాటిన మనిషి, పెన్సిలు చెవి వెనక దోపుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ, "ఇంక మనవి రాసుకుని ఏం లాభం మాస్టారూ, ఎలాగూ లెక్కలోకి రావు కదండీ" అన్నాడు. అప్పటికి అతని అభ్యర్థికి వేల ఓట్లు పడి ఉన్నాయి. నిబంధన ప్రకారం మిగిలిన రౌండ్లు కూడా లెక్కపెట్టాం, అంకెలు పైకి పంపాం. అతను అన్నదే నిజం. ఆ ఓట్లతో ఎవరూ శాసనసభకు వెళ్లలేదు.

మాది మధ్య డెల్టా శివారు. పి.గన్నవరం అక్విడక్టు దాటి మా కాలువల్లోకి వచ్చే నీరు ఎగువ రైతులందరూ తడుపుకున్న తరువాత మిగిలినదే. అయినా దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీరు తగ్గినప్పుడు ఎగువ వారికే మొత్తం ఇవ్వాలని ఏ ఇంజనీరూ అనడు. వంతులవారీగా వదులుతారు, శివారు మడికి ఆలస్యంగానైనా తడి అందుతుంది. ఓట్ల విషయంలో మాత్రం శివారుకు వంతు లేకుండా డెబ్బై ఏళ్లకు పైగా నడుపుకొస్తున్నాం.

నా సూచన అమలైతే ఏమవుతుందో 2024 ఫలితాలతోనే చెబుతాను. ఇప్పుడున్న 175 నియోజకవర్గాలూ అలాగే ఉంటాయి. ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే ఎమ్మెల్యే. ఆ తరువాత రాష్ట్రం మొత్తం మీద కనీసం 5 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీలకు 225 సీట్లలో దామాషా ప్రకారం ఎన్ని రావాలో లెక్కగట్టి, ఎవరికి ఎంత తక్కువ పడిందో ఆ మేరకు 50 సీట్లను పంచుతారు. ఆ సీట్లలోకి పార్టీలు ముందే ఇచ్చిన జాబితాల్లోని వారు వరుస ప్రకారం వస్తారు. 2024లో ఆ 50 సీట్లూ ఓడిన పార్టీకే వెళ్లి దాని బలం 61 అయి ఉండేది. కూటమి 164 మందితో 225లో మూడింట రెండు వంతులకు మించిన బలంతోనే అధికారంలో ఉండేది. అదే 2019లో అయితే తెలుగుదేశానికి సుమారు 43, జనసేనకు సుమారు 7 అదనంగా వచ్చేవి. 151 మంది ఉన్న పార్టీ ప్రభుత్వానికి ఏ ఢోకా ఉండేది కాదు. దామాషా అంటే ప్రభుత్వాలు కూలిపోతాయన్న భయానికి ఈ లెక్కలో చోటు లేదు. పైగా సభలో పదో వంతు బలం, అంటే 18 మంది, ఉంటేనే ప్రతిపక్ష నాయకుడి హోదా ఇవ్వాలా వద్దా అన్న పేచీ, దాని మీద సభ బయట సాగే వాదులాట అసలు పుట్టేవే కావు.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదని ఒప్పుకోవాలి. మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలోనే చట్టసభల సీట్లను 25 శాతం పెంచి, పెరిగిన వాటిని పార్టీల జాబితాల నుంచి నింపాలని సిఫారసు ఉంది. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు ఏళ్ల తరబడి దామాషా పద్ధతి గురించి చెబుతూనే ఉన్నారు. 175 మీద 50 అంటే సుమారు 29 శాతం. జీవన్ రెడ్డి గారి కమిషన్ అడిగినదానికి దగ్గరగానే ఉన్న ఈ పెంపు మన రాష్ట్రానికి చట్టంలో ముందే రాసిపెట్టి ఉంది.

ప్రాధాన్య క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేసే పద్ధతి ఇంకా మంచిది కదా అని మిత్రులు కొందరు అడుగుతుంటారు. రాష్ట్రపతి ఎన్నిక అలాగే జరుగుతుంది. మన ఉభయ గోదావరి జిల్లాల్లో ఉపాధ్యాయులు, పట్టభద్రులు శాసనమండలికి అలాగే ఓటు వేస్తారు. చివరగా 2025 ఫిబ్రవరి 27న పట్టభద్రుల స్థానానికి వేశారు. నేను కూడా వేసేవాడినే. బూత్‌లో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి, అంకె మాత్రమే వేయాలి, టిక్కు పెడితే చెల్లదు. ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాలకు టిక్కులు పెట్టిన నా సహోద్యోగి ఒకాయన, ఇవన్నీ ముందురోజు మాకు పాఠంలా వివరించి, తీరా లోపలికి వెళ్లి అలవాటు కొద్దీ టిక్కు పెట్టి వచ్చారు. బయటికి వచ్చాక చెట్టు కింద నిలబడి తనను తానే తిట్టుకున్నారు. డిగ్రీలు ఉన్నవారి ఓట్లే ఆ లెక్కింపులో వేల సంఖ్యలో చెల్లకుండా పోతుంటే, లంకల్లో కూలి పని మానుకుని వరుసలో నిలబడే ముసలివారి మీద ఆ పరీక్ష పెట్టడానికి నా మనసు ఒప్పదు. రాజ్యాంగ సభలో 1949 జనవరిలో దామాషా పద్ధతి ప్రస్తావన వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దాన్ని వద్దనడానికి చెప్పిన కారణాల్లో మొదటిది అక్షరాస్యత, రెండోది ప్రభుత్వ స్థిరత్వం. నేను చెప్పే పద్ధతిలో ఓటరు కొత్తగా చేయవలసినది ఏమీ లేదు. ఇప్పుడు నొక్కే బటనే నొక్కుతాడు. ఆ ఒక్క ఓటునే రెండుసార్లు, నియోజకవర్గంలో ఒకసారి, రాష్ట్రం మొత్తంలో మరోసారి, లెక్కలోకి తీసుకుంటారు.

మనలాగే బ్రిటిష్ పద్ధతిలో నడిచిన న్యూజిలాండ్‌లో 1978, 1981 ఎన్నికల్లో వరుసగా రెండుసార్లు ఎక్కువ ఓట్లు వచ్చిన లేబర్ పార్టీ ఓడి, తక్కువ ఓట్లు వచ్చిన నేషనల్ పార్టీ గెలిచింది. ఆ చేదు అనుభవం తరువాత వారు కమిషన్ వేసుకుని, 1993లో ప్రజాభిప్రాయం తీసుకుని, 1996 నుంచి నియోజకవర్గాలను, జాబితాలను కలిపిన పద్ధతికి మారారు. 2011లో మళ్లీ ప్రజలను అడిగితే అదే ఉంచుకుంటామన్నారు. జర్మనీలో అంతకంటే ముందు నుంచే ఇలాంటి పద్ధతి ఉంది.

అందరికంటే బలమైన అభ్యంతరం జాబితాల మీద వస్తుంది, అది సబబైనదే. పార్టీ అధినేత పక్కన తిరిగే కాంట్రాక్టర్లు, బంధువులు జనం ముఖం చూడకుండానే సభలోకి వచ్చేస్తారంటారు. రాజ్యసభ సీట్ల పంపకం చూసినవారు ఇది అనవసరపు భయమని అనలేరు. అందుకే జాబితాను నామినేషన్ల నాడే ప్రకటించాలి, అందులోని ప్రతి పేరుకూ అభ్యర్థులు ఇచ్చే ఆస్తుల, కేసుల అఫిడవిట్టే ఉండాలి, ఒకసారి ఇచ్చిన వరుస మార్చకూడదు, స్త్రీలు, పురుషులు ఒకరి తరువాత ఒకరుగా ఉండాలి. ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణా, రాయలసీమ అంటూ ప్రాంతాలవారీగా జాబితాలు వేస్తే ఇంకా మేలు. వీటితోనూ కాంట్రాక్టర్లు పూర్తిగా ఆగిపోతారని నేను చెప్పను; కనీసం ఎన్నికకు ముందే పేరు పేపరులో పడుతుంది. ఇంకొక లాభం ఫిరాయింపుల విషయంలో ఉంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినా అనర్హత నిర్ణయం సభాపతి దగ్గర ఎన్నేళ్లు నానుతుందో చూస్తూనే ఉన్నాం. జాబితా సభ్యుడు పార్టీ వదిలితే సీటు ఖాళీ అయి, వరుసలో తరువాతి పేరు లోపలికి వస్తుంది. ఉప ఎన్నిక ఖర్చు కూడా ఉండదు.

డబ్బు సంగతి చెప్పకుండా మా జిల్లాలో ఎన్నికల గురించి ఉత్తరం రాస్తే ఎవరూ నమ్మరు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉందని, పార్టీ ఖర్చుకు పరిమితే లేదని అందరికీ తెలుసు. పోలింగుకు ముందురోజు రాత్రి వీధి దీపాలు ఆరిపోయాక మోటారు సైకిలు మెల్లగా వచ్చి గుమ్మం ముందు ఆగడం, ఇంట్లో ఎన్ని ఓట్లని అడగడం, కవర్లు లెక్కపెట్టి ఇవ్వడం మా వీధిలోనూ జరిగింది. నేను తీసుకోకపోతే, "మీ వాటా మేం తినేశామనుకుంటారండీ" అని ఆ కుర్రాడు నిజంగానే నొచ్చుకున్నాడు. వెయ్యి ఓట్లు అటు ఇటు అయితే సీటు మొత్తం చేజారే చోట ఆ వెయ్యి ఓట్లకు ఎంత వెలైనా కడతారు. రాష్ట్రం మొత్తం లెక్కలో ఆ వెయ్యి ఓట్లు ఆటలో అరటిపండు. 175 నియోజకవర్గాలు ఉన్నంత కాలం కవర్లు ఆగవు గానీ, ఆఖరి ఓటు కోసం ఇల్లు అమ్ముకునేంత తెగింపు కొంతైనా తగ్గుతుంది.

ఈ మార్పు రాష్ట్రం చేతిలో లేదన్నది వాస్తవం. శాసనసభ్యులను ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి నేరుగా ఎన్నుకోవాలని రాజ్యాంగంలోని 170వ అధికరణం చెబుతున్నది కనుక పార్లమెంటు దాన్ని సవరించాలి. 2026 తరువాతి జనగణన వరకు సీట్లు పెంచరాదన్నది కూడా ఆ అధికరణమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెంటనే నియోజకవర్గాల పునర్విభజన చేయాలన్న పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది కూడా ఈ కారణం మీదే. అంటే జనగణన పూర్తయి పునర్విభజన సంఘం గీతలు గీయడం మొదలుపెట్టే వరకు మనకు వ్యవధి ఉంది. ఒకసారి 225 నియోజకవర్గాలు గీశాక, వాటిలో గెలిచిన 225 మందిలో 50 మందిని మీ సీట్లు వదులుకోండి అని అడగడం ఎవరి వల్లా కాదు. అందువల్ల పెరిగే 50 సీట్లను దామాషా జాబితాలకు కేటాయించవలసిందిగా పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసే విషయమై శాసనసభలో ఒక రోజు చర్చ పెట్టించాలని కోనసీమ, ఉభయ గోదావరి జిల్లాల ఎమ్మెల్యేలను పార్టీలతో నిమిత్తం లేకుండా కోరుతున్నాను. మీ పత్రిక కూడా వచ్చే ఎన్నికల ఫలితాల పేజీలో సీట్ల పట్టిక పక్కనే ఓట్ల శాతాలను అంతే పెద్ద అక్షరాల్లో వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
రాజోలు, కోనసీమ